తోక కింద ఎరుపు

కోతికీ పికిలిపిట్టకీ ఉన్న పోలికలు, తేడాలు నిగ్గు తేల్చడానికి రాష్ట్రంలోనే మొట్టమొదటి ఉన్నతస్థాయి సంఘాన్ని వేస్తున్నట్టు, 2003లో టెక్కలి సభలో మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లతో షామియానా ఊగిపోయింది. జలంత్రకోట వరహాలు ఒక్కడే తల పట్టుకున్నాడు.

ఇదంతా అతని భక్తి వల్ల వచ్చింది. కోతుల మంద కొబ్బరితోట మీద పడి పిందె మిగల్చకుండా పీకేస్తోంది. వాటిని పట్టించడానికి బోను ఇప్పించమని అటవీశాఖ ఆఫీసుకు వెళ్లాడు. ఆవేళ శనివారం. ఆంజనేయస్వామి వారం నాడు కోతి అన్న మాట వరహాలు నోట రానివ్వడు.

"ఇంతకీ ఏం తింటోందయ్యా నీ తోటని?" అన్నాడు గుమాస్తా ఫణిశంకర్.

"సెట్టు మీదుంతాది బాబూ. తోకుంతాది. తోక కింద ఎరుపు."

ఫణిశంకర్ చదువుకున్నవాడు. పక్షుల పుస్తకం తిరగేసి, 'పికిలిపిట్ట' అని రాసి, ఫైలు పైకి పంపేశాడు. సోమవారం పొద్దున్నే వరహాలు పరిగెత్తుకొచ్చాడు.

"అది కోతి బాబూ, కోతి!"

"ఫైల్లో పిట్టయింది. పిట్టకి బోనివ్వడం నేరం. కోతి అని నువ్వే నిరూపించుకోవాలి."

అలా పుట్టింది సంఘం. పిట్ట పాడుతుంది కనక, సంగీతం తెలిసిన మంత్రిగారి వియ్యంకుడు భానుమూర్తిగారే చైర్మన్. ఆయన మూడు రోజులు తోటలో టేప్‌రికార్డర్ పెట్టుకుని, మిగిలిన బొండాలు తాగుతూ శ్రమించారు. చెట్టు, తోక, ఎరుపు కలిశాయి. పాట దగ్గరే చిక్కొచ్చింది.

"మీది పాడుతుందా?" అని వరహాలుని అడిగారు.

"కిసకిసమంతాది."

"ఏ రాగం?"

వరహాలుకి ఏడుపొచ్చింది. రిపోర్టులో మాత్రం 'గాత్రం ఉంది, సాధన చాలదు' అని వచ్చింది.

ఆ రిపోర్టు విడుదల చేయడానికి మంత్రిగారు స్వయంగా తోటకే వచ్చారు. "ఇంకేటి, కళ్లారా సూత్తారు" అంది వరహాలు పెళ్లాం రత్నాలమ్మ. అన్నట్టే మంత్రిగారు మైకు ముందుకి రాగానే ఒక కోతి వేదిక మీదకు దూకి, ఆయన కళ్లజోడు లాక్కుని చెట్టెక్కేసింది.

"కోతి! కోతి!" అని మంత్రిగారు మైకులోనే అరిచారు.

వరహాలుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "మంత్రిగోరే సెప్పినారు! రాసుకోండి బాబూ!"

ఫణిశంకర్ అక్కడికక్కడే రాశాడు. కళ్లజోడు లేని మంత్రిగారు అతను వేలు పెట్టిన చోట సంతకం చేశారు. వరహాలు ఆ కాగితం అందుకుని, చదవమని రత్నాలమ్మకిచ్చాడు. ఆవిడ కూడబలుక్కుని చదివింది:

"మంత్రివర్యుల కళ్లజోడును ఒక పికిలిపిట్ట అభిమానపూర్వకంగా స్వీకరించినది."