మా ఊరి బీపీ పరిపాలన

నా రక్తపోటుకు సంపూర్ణ బాధ్యత మా ఊరి దొరబాబుగారిదేనని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. ఇది వంశంలో వచ్చే జబ్బని డాక్టర్లు అంటారు. మా నాన్నకు బీపీ లేదు. ఆయన చేను పక్కన దొరబాబుగారి రొయ్యల చెరువూ లేదు.

తొంభై అయిదులో ఆయన నా వరిచేను పక్కనే చెరువు తవ్వి, ఉప్పునీళ్లు తోడి నింపారు. ఆ నీరు గట్టు కింద నుంచి ఊరుతూ నా చేలోకి వచ్చింది. నాకున్నది ఆ ఒక్క చేనే. ఆ ఏడే నాకు ప్రెషరూ వచ్చింది. భీమవరంలో సుధాకర్ డాక్టరుగారు ఒక బిళ్ల రాసి, ఉప్పు మానేయమన్నారు. నేను మానేశాను. చేను మానలేదు.

ఏడాదిన్నర చక్కగా పనిచేసిన బిళ్ల ఆ తర్వాత పని మానేసింది. (గవర్నమెంటు ఉద్యోగికి ఇంతకాలం పట్టదు.) రెండోది కలిపారు. మూడోదీ కలిపారు. నూట ఎనభై మాత్రం దిగలేదు. దాంతో డాక్టరుగారు మా వంటింటి మీద విచారణకు ఆదేశించారు. మా ఆవిడ మాణిక్యాంబ హాజరై, కూరల్లో చిటికెడు ఉప్పు కూడా వేయడం లేదని, చప్పగా ఉంటే ముద్ద దిగదు గనుక రెండు పూటలా ఆవకాయ మాత్రం వేస్తున్నానని వాంగ్మూలం ఇచ్చింది. ఆవకాయలో ఉండేది ఉప్పు కాదా అని ఆయన అడిగారు.

"అది ఏడాదికి ఒక్కసారి వేసే ఉప్పు కదండీ. మిగతా రోజులు మేం ముట్టుకోం," అంది.

డాక్టరుగారు కాసేపు తన బీపీ చూసుకున్నారు.

ఆవకాయ రద్దయింది. నూట డెబ్బై ఆరు. ఇక మిగిలిన దోషి టెన్షనేనని, దాన్ని తగ్గించుకోమని ఆయన తీర్మానించారు. తగ్గించుకుందామని అర్జీ పట్టుకుని ఆఫీసులకు బయలుదేరాను. ఉప్పు వచ్చింది చెరువు నుంచి గనుక చేపల శాఖకు వెళ్లమన్నారు వ్యవసాయం వారు. రొయ్యలు చెరువులోనే ఉన్నాయి, గట్టు దాటింది నీరు గనుక ఇరిగేషన్‌కు వెళ్లమన్నారు చేపల వారు. కాలవలో పారితేనే తమ నీరనీ, ఊరితే కాదనీ ఇరిగేషన్ వారు అన్నారు. మెట్లు దిగి మందుల షాపులో చూపించుకుంటే రెండొందల పది. (ప్రతి ఆఫీసు గుమ్మంలో ఒక బీపీ మిషను పెడితే, ఏ శాఖ ఎంత సేవ చేస్తోందో ప్రజలకు వెంటనే తెలుస్తుంది.)

"కారణం తీసెయ్యాలండి. రేపు పక్షవాతం వచ్చిందంటే సంతకం కూడా పెట్టలేరు," అన్నారు డాక్టరుగారు.

ఈ వైద్య సలహా నాకంటే ముందు దొరబాబుగారిని కదిలించింది. మర్నాడే రెండు కొబ్బరి బొండాలు, ఒక స్టాంపు కాగితం పట్టుకుని పరామర్శకు వచ్చారు. నా కుడిచెయ్యి పట్టుకుని, వేళ్లు బాగానే ఆడుతున్నాయని సంతోషించారు.

"ఎందుకన్నయ్యా మీకీ టెన్షను? ఉప్పు పట్టిన చేను ఇంకెవరు కొంటారు? నాకిచ్చెయ్యండి. చెరువుకైతే ఉప్పు మంచిదే."

ఉప్పు పట్టిన చేనుకు ఉప్పు పట్టిన ధరే ఇచ్చారు. రిజిస్ట్రేషన్ అయిన వారానికి నా బీపీ నూట ముప్ఫై బై ఎనభై. డాక్టరుగారు రెండు సార్లు చూసి, మూడు బిళ్లల్లో రెండు తీసేశారు.

ఏం మందు వాడావని ఊళ్లో బీపీవాళ్లందరూ అడుగుతున్నారు. పేరు తెలియదు. మోతాదు మాత్రం ఎకరా ముప్ఫై ఏడు సెంట్లు, జీవితంలో ఒక్కసారి.