గోబర్ గ్యాసుకు దిష్టి

పాతపాళ్యలో ఆ ఉదయం జయలక్ష్మమ్మ వేసుకున్న పథకంలో ఏ లోటూ లేదు. గుంతలో పేడ కలపాలి, వంటిల్లు అలకాలి, కంపెనీ ఆయన వచ్చే వేళకు గోబర్ గ్యాసు పొయ్యి మీద రాగిముద్ద చేసి చూపించాలి. ఒక పెద్ద కార్ల కంపెనీ తన ఫ్యాక్టరీ వదిలే పొగకు బదులుగా పల్లెల్లో కట్టెల పొగ తగ్గిస్తానని మాటిచ్చి, మొదటి గ్యాసు గుంతను ఆమె పెరట్లోనే కట్టించింది. ఈరోజు తనిఖీ. ఆ ఇంట్లో పొగ కనబడకపోతే వీధి మొత్తానికీ గ్యాసు వస్తుంది. కనబడిందా, ఇంకెవరికీ రాదు.

"వాళ్ల పొగ మన వంటింట్లో ఎట్ల తగ్గుతాదక్కా?" అని పక్కింటి మునివెంకటమ్మ దగ్గు మధ్యలో అడిగింది. కట్టెల పొయ్యి ఊది ఊది ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పాడు గానీ, అన్నం ఎలా వండాలో చెప్పలేదు.

"అది వాళ్లు చూసుకుంటారులే. నీ ఇంటికి గ్యాసు తెప్పించే పూచీ నాది" అంది జయలక్ష్మమ్మ. ఆమె మాటిస్తే పని అయిపోయినట్టేనని అందరికీ తెలుసు. అందరికీ ఆమే చెప్పింది.

మూలనున్న పాత మట్టిపొయ్యి మీద చాప కప్పింది. కొత్త గ్యాసుకు మర్యాద జరగాలి కదా అని గుంతకు పసుపు కుంకుమ పెట్టి, పైపు మీద గ్యాసు వదిలే, ఆపే తిప్పుడుకు లావుపాటి చేమంతి దండ బిగించి కట్టింది. తర్వాత పొయ్యి వెలిగిస్తే మంట ప్రమిదలో వత్తిలా మినుకుమంది. కోడలు ప్రతిమ పైపు చూసొస్తానని లేచింది. అత్త కూర్చోమంది. ఎక్కడా చూడనక్కర్లేదు, కారణం ఆమెకు తెలుసు. వారం నుంచీ వీధంతా వచ్చి ఆ నీలం మంటను నోరు తెరుచుకుని చూసి పోతోంది.

"మంటకి దిష్టి తగిలిండాది. ఉప్పూ మిరపకాయలూ తే."

"తెచ్చి యాడ కాల్చేది అత్తా? గ్యాసులో నిప్పులుండవు కదా."

జయలక్ష్మమ్మ మూలకేసి చూసింది. "చాప తియ్యి."

నాలుగు పుల్లలు రాజేసి, నిప్పులయ్యాక, గ్యాసు పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పిన మిరపకాయలు అందులో వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిదే. ఇంకో గుప్పెడు వేసింది. అప్పటికీ రాలేదు. డబ్బా బోర్లించింది. అప్పుడు అన్నిటి ఘాటూ కలిసి ఒక్కసారే వచ్చింది.

పెంకుల సందుల్లోంచి పొగ లేవడం మునివెంకటమ్మ చూసింది. గ్యాసు గుంత పేలిందనుకుని వీధి వెంట కేకలు పెట్టింది. పాల డెయిరీకి చేరేసరికి ఆ కబురులో ఇల్లు సగం కాలిపోయింది. ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తారు. ఆ వీధిలోని ఈరప్ప, తోట చెట్లకు పోవాల్సిన నీళ్ల ట్యాంకరును ట్రాక్టరుతో సహా ఇంటి ముందుకు తెచ్చాడు. దాని వెనకే, దారి లేక, కంపెనీ బండి ఆగింది.

కంపెనీ మనిషి సునీల్‌కుమార్ లోపల అడుగు పెట్టేసరికి అందరూ ఏడుస్తున్నారు. రెండు అంగలు వేయగానే ఆయనా ఏడ్చాడు. ఆ పొగలోనే మునివెంకటమ్మ దగ్గుతూ తుమ్ముతూ వచ్చి బిందె నీళ్లు మట్టిపొయ్యి మీద కుమ్మరించింది. వెనకున్నవాళ్లూ వరసగా కుమ్మరించారు. పొయ్యి పగిలి, కరిగి, బురదై, గడప దాటి ఆయన బూట్ల దాకా వచ్చింది.

"ఏం పొగమ్మా ఇది?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"మిరపకాయలప్పా. గ్యాసుకి దిష్టి తీసినాం" అంది జయలక్ష్మమ్మ.

ఆయనదీ దగ్గర్లోని చింతామణే, దిష్టి సంగతి తెలిసినవాడే. అంతకు మించి వివరించనక్కర్లేకపోయింది. ఈలోపు ప్రతిమ పెరట్లోకి పోయి చూస్తే, దండ బరువుకు తిప్పుడు సగం మూసుకుని ఉంది. దండ విప్పి తిప్పింది. లోపల మంట బుస్సున లేచింది.

"చూసినారా, దిష్టి పోయింది" అంది జయలక్ష్మమ్మ.

సునీల్‌కుమార్ మంటను చూడటం లేదు, బురదను చూస్తున్నాడు. మునివెంకటమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆయన ముఖమే చూస్తోంది. ఇక తన ఇంటికి గ్యాసు రానట్టేనని ఆమె లెక్క.

"గ్యాసు వచ్చినాక కట్టెల పొయ్యి పగలగొట్టాలనేది మా రూలమ్మా" అన్నాడు ఆయన చివరికి. "యాడికి పోయినా చాప కప్పి దాచిపెట్టుకోని ఉంటారు. ఊరినంతా పిలిపించి, నా ముందరే పగలగొట్టించింది మీరొక్కరే."

మునివెంకటమ్మ ఏదో చెప్పబోయింది. జయలక్ష్మమ్మ ఆమె కాలు తొక్కింది.

"మాటంటే మాటే కదప్పా" అంది.

వీధి మొత్తానికీ గ్యాసు వస్తుందని, తర్వాతి గుంత మునివెంకటమ్మ పెరట్లోనేనని చెప్పి, ఆయన రాగిముద్ద తిని బయల్దేరాడు. కంపెనీ బండి గుర్రుమని కదిలి, మలుపు తిరిగేదాకా వీధంతా నల్లగా పొగ వదిలింది. దానికి మాత్రం ఎవరూ బిందె ఎత్తలేదు.