ఇరవై నిమిషాల కైనెసిన్

ఆ గురువారం ఉదయం డాక్టర్ మోరెనికే వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఊరి పెద్ద, సంపన్న దాత అయిన చీఫ్ అదిగున్ నైజీరియాలోని ఇబాదాన్‌లో ఉన్న ఆమె ప్రయోగశాలకు వస్తారు. అరువు తెచ్చిన సూక్ష్మదర్శినిలో కైనెసిన్ నడక చూస్తారు. ముచ్చటపడితే అలాంటిదే ఒకటి కొనిస్తారు. లేకపోతే శనివారం అది వెనక్కి పోతుంది, దానితోపాటే ఆమె నాలుగేళ్ల పరిశోధనా పోతుంది.

కైనెసిన్ అంటే కణంలో మూటలు మోసే కూలీ ప్రోటీన్. దానికి రెండు కాళ్లు, తోకకో మూట. సన్నటి గొట్టం మీద అడుగులో అడుగు వేసుకుంటూ సరుకు చేరవేస్తుంది. అడుగుకో ఏటీపీ దానికి తిండి. అది అయిపోయిందా, పట్టుకున్న గొట్టాన్ని వదలదు, అంగుళం కదలదు. గాజుపలక మీద వేసిన ఏటీపీ ఇరవై నిమిషాలకు మించి రాదు. సీసాలో మూడు పలకలకే మిగిలింది.

చీఫ్ గారి కారు గేటు దాటగానే ఆమె మొదటి పలక సిద్ధం చేసింది. మెరిసే పూసలు మోసుకుంటూ కైనెసిన్లు చకచకా బయలుదేరాయి. బయట స్వాగత సభలో మనుషులే బయలుదేరలేదు. శాఖాధిపతి ప్రొఫెసర్ ఓయెవోలే మైకు పట్టుకున్నారు. క్రైస్తవ ప్రార్థన అయింది. పక్షపాతం ఉండకూడదు గనక ముస్లిం ప్రార్థనా అయింది. రెండు గీతాలయ్యాక, పెద్దలను బిరుదులతో సహా ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలవడం మొదలైంది. ఈలోగా పలక చచ్చింది.

"సార్, చీఫ్ గారిని ఒక్కసారి లోపలికి తీసుకురండి. రెండు నిమిషాల పని."

"ఏంటమ్మా నువ్వు! నీ ప్రదర్శన ఎనిమిదో అంశం. ఏడోదాన్ని దాటేసి ఎట్లా పోతాం?"

ఏడో అంశం అంటే భోజనం. సగం మంది సభకు వచ్చిందే దానికోసం.

ప్రసంగాలు అయిపోవచ్చాయని నమ్మి ఆమె రెండో పలక వేసింది. సరిగ్గా అప్పుడే మాజీ డీన్ గారు దిగారు. ఆయన పేరు లేని పరిచయాలు చెల్లవంటూ ప్రొఫెసర్ గారు మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. రెండో పలకా చచ్చింది.

మోరెనికేకు ఒళ్లు మండింది. "చీఫ్ గారికి తొందరగా ఉంది, త్వరగా కానివ్వండి" అని చీటీ పంపి, మూడో పలక వేసింది. ప్రొఫెసర్ గారు ఆ చీటీని మైకులోనే చదివేశారు. చీఫ్ గారు వెళ్లిపోతే తమ ప్రసంగాలు వినేదెవరని, ఇంకా మాట్లాడని పెద్దలు తొమ్మిదిమందీ మైకు కోసం ఎగబడ్డారు.

తొమ్మిదో ఆయన అందుకునేసరికి ఒంటిగంట దాటింది. "నాకు తొందరని చెప్పిందెవరయ్యా?" అంటూ చీఫ్ గారే లేచి లోపలికి వచ్చి, సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టారు.

"ఏంటమ్మాయ్, ఏదీ కదలదే? నడుస్తాయన్నావుగా?"

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. సర్దిచెప్పే ఓపిక కూడా లేదు. "నడిచాయి సార్. పొద్దుట్నుంచీ మూడుసార్లు నడిచాయి. మనం ప్రసంగాలు వింటుంటే వాటి తిండి అయిపోయింది. తిండి లేకపోతే ఇంతే. పట్టుకున్నది వదలవు, ముందుకు పోవు."

చీఫ్ గారు కిటికీలోంచి చూశారు. రెండు వందల మంది నీరసంగా కుర్చీలు పట్టుకుని కూర్చున్నారు. ఆయన తలుపు తీసి కేకేశారు: "జొల్లోఫ్ అన్నం వడ్డించండయ్యా!"

సభంతా ఒక్కసారిగా లేచి నడిచింది. మాజీ డీన్ గారైతే పరుగే తీశారు.

చీఫ్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "అర్థమైందమ్మాయ్, బ్రహ్మాండంగా అర్థమైంది! యంత్రం నీదే, పో."

కొత్త సూక్ష్మదర్శిని ప్రారంభోత్సవానికి ప్రొఫెసర్ గారు కార్యక్రమ పత్రం పంపారు. అంశాలు పంతొమ్మిది, ప్రదర్శన పంతొమ్మిదోది. మోరెనికే సంతకం పెట్టి, ఏటీపీ సీసాలు రెండు డజన్లు తెప్పించమని కింద రాసింది.