భూపాల్ బూట్లు, శోభ ఆదివారం

ఆ ఆదివారం ఏమీ చెయ్యకూడదని శోభ నిర్ణయించుకుంది. చెప్పినంత తేలిక కాదు. ఏమీ చెయ్యకుండా ఉండడం కోసం ఆమె బుధవారం నుంచీ పని చేస్తూనే ఉంది. బట్టలన్నీ ముందే ఉతికేసింది, కూర పొద్దున్నే వండేసింది, సర్వపిండి కాల్చి డబ్బాలో దాచింది. లైబ్రరీ నుంచి తెచ్చిన డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో తేలడానికి ఇంకా నలభై రెండు పేజీలున్నాయి. మూడు వారాలుగా ఆ నలభై రెండు పేజీలు అలాగే ఉన్నాయి.

దానికి కారణం బొగ్గుగని కంపెనీ క్వార్టర్ల లైను. గోదావరిఖనిలో ఆ లైనుకు పన్నెండు ఇళ్లు, పన్నెండు ఇళ్లకూ కలిపి శోభ ఒకతే. ఆమె డిగ్రీ చదివిందని ఒక వార్త, ఖాళీగా ఉంటుందని ఇంకో వార్త ఎప్పుడో లైనులో పాకాయి. అప్పటినుంచీ ఆధార్ కార్డులో తప్పు పడ్డా, పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టినా, గ్యాస్ బుక్ కాకపోయినా అందరి వేళ్లూ శోభ ఇంటి బెల్లు మీదికే వచ్చేవి. ఆదివారం మరీ ఎక్కువ. ఆమె భర్త భూపాల్ ఆదివారమైతే తప్పకుండా ప్లేడేకు పోతాడు. సెలవు రోజు గనిలోకి దిగితే జీతం రెట్టింపు. మగమనిషి ఇంట్లో లేడు కాబట్టి మొహమాటం లేదని లైనులోని ఆడవాళ్లకు ఒక ధైర్యం.

ఈ ఆదివారం మాత్రం భూపాల్ డ్యూటీకి పోలేదు. బెల్లంపల్లిలో చిన్నమ్మ కొడుకు రిటైర్మెంటు ఫంక్షన్ ఉంది.

"నువ్వు గూడ రారాదు?" అన్నాడు కొత్త అంగీ గుండీలు పెట్టుకుంటూ.

"మోకాలు నొస్తుంది."

మోకాలి నొప్పి నిజమే. అయితే అది మెట్లెక్కేటప్పుడే వస్తుంది. ఫంక్షన్ హాలుకు మెట్లు లేవన్న సంగతి భూపాల్‌కు గుర్తు రాకముందే శోభ అతన్ని ఏడు గంటలకు సాగనంపింది. తలుపు వెయ్యబోతుంటే మూలన అతని గని బూట్లు కనిపించాయి. మామూలు ఆదివారం ఆ బూట్లు అతనితోపాటే గనిలో ఉంటాయి. ఈ రోజు మనిషి లేడు, బూట్లున్నాయి. శోభ వాటివైపు కాసేపు చూసింది.

ఆ లైనులో పెళ్లి డీజేకూ, గణపతి మైకుకూ ఎవరూ భయపడరు. భయపడేదల్లా నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మనిషి నిద్రకు. గుమ్మం ముందు బూట్లు, కిటికీకి దుప్పటి కనిపిస్తే చాలు, పిల్లలు బ్యాటూ బంతీ తీసుకుని పక్క లైనుకు పోతారు. బెల్లు ముట్టేవాళ్లుండరు. నిద్ర చాలని మనిషి మళ్లీ గని కప్పు కింద నిలబడితే ఏమవుతుందో ప్రతి ఇంటికీ తెలుసు. ఈ ఒక్క విషయంలో లైను మొత్తానికీ దయ ఉంది.

శోభ ఆ దయను ఒక్క పూటకు అరువు తీసుకుంది. బూట్లు గుమ్మం ముందు పెట్టి, కిటికీకి దుప్పటి కట్టింది.

ఫలితం వెంటనే తెలిసింది. "టమాటా..." అంటూ వచ్చిన కూరగాయల సారవ్వ బూట్లు చూసి మిగతా కూరగాయల పేర్లు మింగేసింది. తలుపు సందు దగ్గరికి వచ్చి, "గంగవాయిలి కూర కావాల్నా బిడ్డా?" అని గుసగుసగా అడిగింది. శోభ తల అడ్డంగా ఊపింది. సారవ్వ బండి చక్రం చప్పుడు చేస్తుందని దాన్ని ఇంచుమించు ఎత్తుకునే పోయింది.

తొమ్మిదింటికి ఎదురింటి యమున ఏదో ఫారం పట్టుకుని వచ్చింది. బెల్లు మీదికి పోయిన వేలు బూట్లను చూసి వెనక్కి వచ్చింది. శోభే తలుపు సందులోంచి తొంగిచూసింది.

"బావ నైట్ షిఫ్టుకు పోయిండా అక్కా?"

"ఆఁ... పండుకున్నడు. సాయంత్రం దాంక లేపద్దన్నడు."

"అయ్యో, పండుకోనియ్యి. ఎవల్ని రానియ్య, నేను చూసుకుంట" అని యమున మునివేళ్ల మీద వెళ్లిపోయింది.

శోభ అల్లం చాయ్ పెట్టుకుంది. కూలర్ ముందు కుర్చీ వేసుకుని, కాళ్లు స్టూలు మీద చాపుకుని, సర్వపిండి ముక్క తుంచి నోట్లో వేసుకుని నవల తెరిచింది. ఆ తరువాతి నలభై నిమిషాలు ఎంత గొప్పగా గడిచాయో చెప్పడం కష్టం. ఏమీ జరగలేదు.

పదిన్నరకు మొగిలి కాక వచ్చాడు. రిటైరై ఆరేళ్లయింది. భూపాల్‌కు గనిలో పని నేర్పింది ఆయనే. పొద్దున్నే కూతుర్ని బస్సెక్కించి, బజారు పనులు చూసుకుని వస్తూ, శోభ ఇంటి ముందు కాపలాగా నిలబడ్డ యమునను చూసి ఆగాడు.

"ఏందే, గిట్ల నిలబడ్డవ్?"

"మెల్లగ కాకా. భూపాల్ బావ పండుకున్నడు."

"భూపాల్ ఏడ పండుకున్నడు? పొద్దుగాల బెల్లంపల్లి బస్సెక్కిండు. నాకు చెయ్యి గూడ ఊపిండు."

"వేరేటోళ్లు కావచ్చు కాకా. నీకు మొన్ననే కన్ను ఆపరేషన్ అయ్యె గదా."

ఆ మాట మొగిలికి తగలరాని చోట తగిలింది. "ముప్పై ఆరేండ్లు చీకట్ల నడక చూసి మనిషిని గుర్తుపట్టిన. పట్టపగలు భూపాల్‌ను గుర్తుపట్టనా?" అని, కోపంలోనూ గొంతు పెంచకుండా, వంగి ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. వాసన చూశాడు. లోపలికి చెయ్యి పెట్టాడు.

"నైట్ షిఫ్టు చేసిన బూటైతే లోపల ఇంక తడి ఉంటది. ఇది అప్పడం లెక్క ఉన్నది."

ఈలోగా ఏడెనిమిది మంది చేరారు. అందరూ బూటులో చెయ్యి పెట్టి చూశారు. అప్పడం లెక్కనే ఉంది.

"మరి లోపల పండుకున్నది ఎవలు?" అన్నారెవరో. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లోపల శోభ పేజీ తిప్పడం ఎప్పుడో మానేసింది. అరుపులైతే చెవి అలవాటు పడి వదిలేస్తుంది. గుసగుసనైతే వెతుక్కుంటూ పోతుంది. పదిమంది ఒకేసారి గుసగుసలాడుతుంటే చింతపండు కొట్టు దగ్గర ఈగలు ముసిరినట్టు ఉంది.

యమున తలుపు మీద గోటితో కొట్టింది. "అక్కా, బావ లోపలనే ఉన్నడు గదా? మొగిలి కాక బస్సుల చూసిన అంటుండు."

నిజం చెప్పడానికి అదే మంచి సమయం. ఒక్క వాక్యం చాలు. కానీ ఆ వాక్యం, తాను కథల పుస్తకం చదువుకోవడానికి కట్టుకున్నవాడి బూట్లతో లైనును మోసం చేశానన్నది. పదిమంది ముందు అది నోటికి రాలేదు.

"ఉన్నడు. కాక ఇంకెవలనో చూసి ఉంటడు" అంది, బయటికొచ్చి తలుపు దగ్గరికి వేస్తూ.

మొగిలి మొహం చిన్నబోయింది. అయినా ఆయన ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. జేబులోంచి ఫోన్ తీసి భూపాల్ నంబరు నొక్కాడు. "బెల్లంపల్లిల ఉన్నోడు బెల్లంపల్లిలనే ఎత్తుతడు" అన్నాడు.

ఫోన్ ఇంట్లో మోగింది.

గనిలోకి ఫోన్ తీసుకుపోనియ్యరు. ఇరవై రెండేళ్లుగా భూపాల్ గడప దాటేముందు ఫోన్ అలమారలో పెట్టే దాటుతాడు. బెల్లంపల్లికి పోతూ కూడా పెట్టే పోయాడు.

బయట అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మొగిలి ఒక్కడే తన కళ్లు తుడుచుకుని ఫోన్ తెర మీద నంబరు మళ్లీ చూసుకున్నాడు. రింగు ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఆగిపోయింది. మూడోసారికి యమున మొహం మారింది.

"అక్కా, ఇంతగనం మోగుతుంటే బావ లేస్తలేడేంది?"

రెండు లైన్ల అవతల నిరుడు ఒకాయన ఇలాగే షిఫ్టు నుంచి వచ్చి పడుకుని లేవలేదు. ఆ పేరు ఎవరూ ఎత్తలేదు గానీ అందరికీ గుర్తొచ్చింది. అప్పటిదాకా కుతూహలంగా ఉన్న మొహాల్లో భయం కనిపించింది.

యమున భర్త శివ గుంపును తోసుకుని ముందుకొచ్చాడు. శివ రెండేళ్ల కింద గనిలో రెస్క్యూ ట్రైనింగ్ చేశాడు. సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించాడు. అప్పటినుంచీ అతని కళ్లముందు ఒక్కరికీ ఏ ఆపదా రాలేదు.

"జరుగుండ్రి. గాలి ఆడనియ్యుండ్రి. వదినె, తలుపు తియ్యి. మంచం పట్టుకరాండ్రి ఎవలన్న, దవాఖానకు మోసుకపోవాలె."

"వద్దు శివా!" అంది శోభ తలుపుకు అడ్డం నిలబడి. "ఏం కాలే. నిద్రగోలి ఏసుకున్నడు, అంతే."

అనగానే తెలిసింది, ఇంతకన్నా చెడ్డ మాట తెలుగులో లేదని.

"ఎన్ని ఏసుకున్నడు?" అన్నాడు శివ.

"నిద్రమాత్రలా?" అంది చివరింటి చంద్రమతి గారు. రిటైరైన టీచరు. భీమవరం వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆమె మాట అక్కడే ఉండిపోయింది. "ఎందుకమ్మా? ఇంట్లో ఏవైనా గొడవలు పడ్డారా?"

ఇక గుసగుసలు లేవు. శివ ఇంటి వెనక్కి పరుగెత్తాడు. పెరటి తలుపుకు గడియ లేదు. లోపల అతని అడుగులు, మంచం ఎత్తిన చప్పుడు, బాత్రూం తలుపు చప్పుడు, ఎందుకో బియ్యం డ్రమ్ము మూత తీసిన చప్పుడు వినిపించాయి. అంతా వెతికి ముందు తలుపులోంచి బయటికొచ్చాడు. చేతిలో నవల ఉంది.

"మనిషి లేడు" అన్నాడు.

అందరూ శోభను చూశారు. తరువాత నవల అట్టను చూశారు. దాని మీద ఒక కత్తి, కత్తి కొసన రక్తం, వెనక పకపకా నవ్వుతున్న ఆడమనిషి. యమున, శోభను ప్రాణంలా చూసుకునే యమున, ఒక అడుగు వెనక్కి వేసింది.

"బావ ఏడి అక్కా?"

"బెల్లంపల్లి పోయిండు!" శోభకు ఏడుపు తన్నుకొచ్చింది. "కాక చూసింది నిజమే. బూట్లు నేనే పెట్టిన. ఒక్క పూట... ఒక్క పూట నన్నెవ్వరు పిలువకుండ, ఒక్కదాన్నే కూసోని చదువుకోవాల్ననిపించింది. గంతే."

"చూసిండ్రా!" అని మొగిలి కాక చేతికర్ర ఎత్తాడు. ఆ రోజు సంతోషంగా ఇంటికి పోయింది ఆయన ఒక్కడే.

శోభ తిట్ల కోసం తల వంచుకుని నిలబడింది. తిడితే బాగుండేది. తిట్టినవాళ్లు అలుగుతారు, అలిగినవాళ్లు వారం పది రోజులు గడప తొక్కరు. ఆమెకు అంత అదృష్టం పట్టలేదు. యమున వచ్చి గట్టిగా కౌగిలించుకుంది.

"ఇంత బాధ మనసుల పెట్టుకున్నవా అక్కా? మాకు చెప్పద్దా?"

"బాధ కాదే..."

"ఒంటరిగా ఉండాలనిపించడం మంచి లక్షణం కాదమ్మా" అంది చంద్రమతి గారు, లోపలికి వచ్చి కూలర్ ముందు కుర్చీలో కూర్చుంటూ. "పేపర్లో చదివాను. ఇలాగే మొదలవుతుందిట. మనిషిని ఒక్క క్షణం వదలకూడదు."

వదల్లేదు. పదకొండు గంటలకు లోపలికి వచ్చిన తొమ్మిది మంది ఆడవాళ్లూ ఆమె ఒంటరితనాన్ని పోగొట్టడానికి సాయంత్రం దాకా ఉన్నారు. ఒక్కొక్కరూ తమకెంత ఓపిక లేకుండా పోతోందో, ఒక్క గంటైనా ఒంటరిగా ఉండాలని తమకెంత ఉంటుందో వివరంగా చెప్పారు. మధ్యలో మూడుసార్లు చాయ్ తాగారు. మూడుసార్లూ శోభే పెట్టింది, పని చేస్తుంటే మనసు కుదుటపడుతుందని చంద్రమతి గారు చెప్పడంతో. సర్వపిండి డబ్బా రెండో చాయ్‌కే అడుగంటింది. వాళ్లతో వచ్చిన పిల్లలు విసుగెత్తి టీవీ పెట్టుకున్నారు. శివ నాలుగింటికొకసారి, ఐదింటికొకసారి వచ్చి ఆమె నాడి చూసిపోయాడు.

చంద్రమతి గారు నవల అటూ ఇటూ తిప్పి చూసింది. "ఓ, ఇదా! మా లైబ్రరీలో ఉండేది. చివరికి చంపింది డాక్టరేగా" అని పక్కన పెట్టేసింది.

ఆ సరికి శోభకు హంతకుల మీద పెద్దగా కోపం లేదు.

దీపాలు పెట్టే వేళకు భూపాల్ వచ్చాడు. ఇంటి ముందు చెప్పుల కుప్ప చూసి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. జరిగిందంతా నలుగురు నాలుగు వైపుల నుంచి ఒకేసారి చెప్పారు. విన్నాడు. నెమ్మదిగా వచ్చి, అందరి ముందూ ఎన్నడూ చెయ్యని పని, శోభ చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు నాదే" అన్నాడు. "ఇరవై రెండేండ్ల సంది ఆదివారమొస్తే ప్లేడే, ప్లేడే అని ఉరికిన. ఇంట్ల నువ్వొక్కదానివే ఎట్ల ఉంటున్నవో సోయి లేకపాయె. ఇగ చాలు. వచ్చే వారం నుంచి ఏ ఆదివారం డ్యూటీకి పోను. పొద్దుగాల నుంచి పొద్దుమీకే దాంక నీ పక్కనే కూసుంట."

చంద్రమతి గారు చప్పట్లు కొట్టింది. యమున ముక్కు చీదుకుంది. శివ, ఆదివారాలు తాము కూడా వస్తామని మాటిచ్చాడు.

శోభ కళ్ల నుంచి నీళ్లు జలజలా రాలాయి. అవి ఆనందబాష్పాలేనని లైను మొత్తం ఒక్క మాట మీద ఒప్పుకుంది.