బిక్షం మొక్కిన కారు

ఆ ఆదివారం బిక్షం వేసుకున్న పథకం చాలా చిన్నది. బామ్మర్ది బలరాం కొత్త కారు కొన్నాడు. పొద్దున్నే కురవి వీరభద్రస్వామి గుడి ముందు దానికి పూజ. వెళ్లాలి, దండం పెట్టాలి, ప్రసాదం తినాలి, పది గంటలకల్లా షెడ్డుకు తిరిగొచ్చి మాన్‌సింగ్ ట్రాక్టర్ గేర్‌బాక్స్ బిగించాలి. నాట్ల కాలం ముంచుకొస్తోంది. కురవిలో ట్రాక్టర్ మేస్త్రి అంటే బిక్షమే. ముప్పై ఏళ్లుగా ఆయన "రేపిస్త" అన్న బండి రేపే వచ్చేది, "గిది గాదు" అన్న బండి పాత ఇనుము కిందికి పోయేది. ఆ మాట మీదే షెడ్డు నడుస్తోంది, షెడ్డు మీదే ఇల్లు నడుస్తోంది.

మనిషికి ఏదో ఒక పిచ్చి ఉంటుంది కదా. బిక్షం పిచ్చి లంబోర్గిని కారు. మూడేళ్ల కిందట ఎవరో ఫోన్‌లో చూపించిన వీడియోతో ఆ కంపెనీ పుట్టిన కథ ఆయన బుర్రకెక్కి కూర్చుంది. యుద్ధం అయిపోయాక మిగిలిన మిలిటరీ సామానుతో ట్రాక్టర్లు చేసి పైకొచ్చిన ఇటలీ పెద్దమనిషి ఒకాయన, చేతిలో నాలుగు రాళ్లు ఆడాక అప్పటికే పేరుమోసిన ఇంకో కంపెనీ పందెపు కారు కొనుక్కున్నాడట. దాని క్లచ్ గురించి ఆ కంపెనీ యజమానికి చెప్పబోతే, 'నువ్వు ట్రాక్టర్లు చూసుకో, కార్ల సంగతి నీకేం తెలుసు' అని తీసిపారేశాడట. ఈయనకు ఒళ్లు మండి సొంతంగా కార్ల కంపెనీయే పెట్టేశాడు. తనది వృషభరాశి కాబట్టి ఎద్దును గుర్తుగా పెట్టుకున్నాడు. అందులో ఎంత జరిగిందో ఎంత చేర్చారో చెప్పేవాళ్లకే తెలియాలి. బిక్షానికి మాత్రం ఆ అనుమానం ఏనాడూ రాలేదు.

ఆయిల్ మార్పించుకోవడానికి షెడ్డుకొచ్చిన ప్రతి రైతూ ఆ కథ విని తీరాల్సిందే. "జానెడు ఎత్తుల నేలకు ఆనుకోని పోతదన్నా. మూడు, నాలుగు సెకండ్లల్ల వంద దాటుతది. డోర్లు రెక్కల్లెక్క మీదికి లేస్తయ్. గసొంటి కారు జేసిందెవడు? మనోడు! ట్రాక్టరాయన!" అనేవాడు. 'మనోడు' అనేటప్పుడు బిక్షం రొమ్ము చరుచుకునేవాడు. గ్రీజు చేతుల మనిషిని లోకం అంత నెత్తిన పెట్టుకుందంటే, అది తనకే జరిగినట్టు ఆయనకు సంతోషం.

ఇక గుడి దగ్గరికి వద్దాం. బలరాం మానుకోట పట్నంలో బట్టల దుకాణం నడుపుతాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల కారుతో దిగాడు. ఆయన కంటే ముందు కాలిన వాసన దిగింది.

"బలరాం, క్లచ్ మీద కాలుబెట్టి నడుపుతున్నవ్. కరాబైతది. జర తాళం ఇయ్యి, నేను జూస్త," అన్నాడు బిక్షం, చేతిలో పూజకు తెచ్చిన కొబ్బరికాయతో.

నలభై మంది చుట్టాల ముందు బలరాం నవ్వాడు. "బావా, నువ్వు ట్రాక్టర్లు జూస్కో. కార్ల ముచ్చట నీకేం ఎర్క? గా గ్రీజు చేతులు సీట్లకు అంటుతయ్."

బిక్షం కొయ్యబారిపోయాడు. అవమానం ఒకటైతే, అది మాట పొల్లుపోకుండా ఇటలీ నుంచి వచ్చినట్టుండడం ఇంకొకటి. మూడేళ్లుగా కథలో చెబుతున్న మాటను ఎదురుగా నిలబడి ఎవరో తనతోనే అనేసరికి ఆయన ఒంట్లోని ట్రాక్టర్లన్నీ ఒక్కసారి స్టార్టయ్యాయి.

"గిట్లనే ఒకడన్నడు! ఏమైందో ఎర్కనా? ట్రాక్టర్ మేస్త్రి తల్సుకుంటే కారు గూడ జేస్తడు! గీ వీరభద్రస్వామి సాక్షిగ చెప్తున్న!" అని, చెయ్యి విసురులో కొబ్బరికాయను గుడి మెట్టు మీద ఫెడీమని కొట్టాడు.

కాయ సమంగా రెండు చెక్కలైంది. లోపల తెల్లగా పువ్వు ఉంది.

కొబ్బరికాయలు అమ్మే ఈశ్వరమ్మ లేచి వచ్చి వంగి చూసి రెండు చేతులూ జోడించింది. "పువ్వొచ్చింది! స్వామి ఒప్పుకున్నడు. బిక్షం కారు జేస్తనని మొక్కిండు!"

"మొక్కు గాదవ్వా! నేను జెప్పింది ఇటలాయన ముచ్చట," అన్నాడు బిక్షం కంగారుగా.

"కాయ గొట్టింది ఇటలాయననా, నువ్వా?"

స్వామి పేరు చెప్పి, ఆయన మెట్టు మీద కాయ కొట్టి, అది పువ్వు కాయ అయ్యాక మాటకు అర్థం చెప్పే హక్కు మనిషికి ఉండదు. "మరి ఎప్పటికి?" అని అడిగాడు సర్పంచ్ సదానందం. అదే క్షణంలో పక్కన ఎవరో తన ఆటో పూజకు మంచిరోజు అడిగితే, పూజారి తల తిప్పకుండానే "తొలి ఏకాదశి" అన్నాడు. జనం ఆ తేదీని కూడా బిక్షం ఖాతాలో వేసేశారు. దానికి సరిగ్గా ఇరవై రెండు రోజులుంది.

బిక్షం షెడ్డు చేరేలోపే వార్త చేరింది. కురవి దాటేసరికి ఆయన కారు చేస్తున్నాడు. మరిపెడ చేరేసరికి ఇటలీ కంపెనీ ఆయనకు ఆర్డర్ ఇచ్చింది. గంగారం చేరేసరికి ఇటలీవాళ్లు కురవిలో ఫ్యాక్టరీకి జాగా చూస్తున్నారు. సాయంత్రానికి ఐటీఐ చదివినవాళ్లు ఇద్దరు సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

భార్య వెంకటనర్సమ్మ అన్నం కూడా పెట్టకుండా అరుగు మీద కూలబడింది. "కోపపు దేవుడయ్యా ఆయన. ఆయన కాడ మాట దప్పితే మనం ఉంటమా? నీ ముచ్చట్లు షెడ్డుల చెప్పుకోవాలెగని గుడి ముంగట ఎందుకు జెప్పినవ్?"

మర్నాడు బిక్షం సదానందం ఇంటికి వెళ్లి, ఎలాగైనా ఈ మొక్కు తప్పించమని బతిమాలాడు. సదానందం మంచివాడే, కానీ ఉన్నమాట ముఖం మీదే అంటాడు. "బిక్షమన్నా, నీ మాట స్వామి కాడనే నిలవకపోతే, రేపు మా ట్రాక్టర్ల కాడ ఎట్ల నిలుస్తది? జనం అట్లనే అనుకుంటరు గద." ముప్పై ఏళ్ల పేరు ఒక కొబ్బరికాయ మీద నిలబడిందని బిక్షానికి అప్పుడు అర్థమైంది.

సరే, కారు చెయ్యాలి. దేనితో? షెడ్డులో విప్పి ఉన్నది మాన్‌సింగ్ ట్రాక్టర్ ఒక్కటే. మాన్‌సింగ్ తండా రైతు, దైవభక్తి మెండు. "స్వామి పనికి ఇంజిన్ వాడుకో అన్నా. కాదనను. కని ఏకాశి తెల్లారి నా మడి దున్నాలె. అప్పటికి నా సామాన్ నాకు గావాలె," అన్నాడు. మొక్కులో తలా ఒక చెయ్యి వేస్తే పుణ్యమని మిగతావాళ్లూ కదిలారు. ఒకరు ముందు వెయ్యడానికి చచ్చిన ఆటో చక్రాలు తెచ్చారు, ఇంకొకరు పాత బస్సు సీట్లు నాలుగు మోసుకొచ్చారు.

మొదట బిక్షం నేల మీద జాన పెట్టి కొలిచి, అంత ఎత్తులోనే చట్రం వెల్డింగ్ చేశాడు. ఇంజిన్ అందులో పట్టలేదు. మూరెడు లేపాడు. ఇంజిన్ పట్టింది గానీ గేర్‌బాక్స్ నేలకు తగిలింది. ఇంకో మూరెడు లేపాడు. వెనక ఇరుసుకు ఏ కారు చక్రమూ కుదరలేదు. మాన్‌సింగ్ చక్రాలే కుదిరాయి, అవి బిక్షం భుజం దాకా వచ్చాయి. వెనక అంత ఎత్తయ్యాక డ్రైవరుకు ముందు కనపడాలి కదా, స్టీరింగ్ పైకి పోయింది. స్టీరింగ్ పోయిన చోటికి సీటు పోయింది. ప్రతి మార్పూ న్యాయంగానే ఉంది. అన్నీ కలిసి ఎటు పోతున్నాయో బిక్షానికి లోలోపల తెలుస్తూనే ఉంది, కానీ పైకి ఒప్పుకునే ధైర్యం లేదు. ఎర్ర రంగు మూడు పూతలు పూశాడు. బోర్డులు రాసే పెయింటర్ ముందు రేకు మీద ఎద్దును వేశాడు. మూపురం పెట్టి, మెడలో గంటలు కట్టి, చాలా శాంతంగా నెమరు వేస్తున్న ఎద్దు.

ఏకాదశి ముందు రోజు వెంకటనర్సమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "ఇదేందయ్యా, మాన్‌సింగ్ ట్రాక్టర్‌కు ఎర్రంగి తొడిగినవ్?"

"కారే! నాలుగు సీట్లున్నయ్. ట్రాక్టర్‌కు నాలుగు సీట్లుంటయా?" అన్నాడు బిక్షం. ఆయనకున్న సాక్ష్యం అదొక్కటే.

ఏకాదశి పొద్దున వాన. గుడి దగ్గర జాతరంత జనం. బిక్షం భార్యను ఎక్కించుకుని బయలుదేరితే ఊరి పొలిమేరలో బలరాం కారు రోడ్డు దిగి బురదలో కూరుకుపోయి ఉంది. బావ తమాషా చూద్దామని వస్తూ, ఎదురొచ్చిన బస్సుకు దారి ఇవ్వబోయి దిగబడ్డాడు. క్లచ్ మీంచి కాలు తీయకుండా అరగంట ఇంజిన్‌ను అరిపించాడు. ఇప్పుడు కింది నుంచి పొగ వస్తోంది. తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా నల్లగా ఉంది.

"బావా... జర గుంజుతవా?" అన్నాడు బలరాం నేల చూపులు చూస్తూ.

'నువ్వు బట్టలు చూసుకో' అన్న మాట బిక్షం నాలుక చివరి దాకా వచ్చింది. వెంకటనర్సమ్మ తమ్ముడి వంక, తర్వాత మొగుడి వంక చూసింది. బిక్షం మాట మింగేసి తాడు తీసి కట్టాడు. "క్లచ్ పోయింది. నడవది. ఎనక సీట్ల కూసో," అన్నాడంతే. ఎర్ర బండి ఒక్క ఊపులో తెల్లకారును బురదలోంచి లాగి, దారిన పోయే కుర్రాడొకడు దాని స్టీరింగ్ పట్టుకోగా, గుడి దాకా ఈడ్చుకుపోయింది.

జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు, ఆ తర్వాత బండిని సరిగ్గా చూశారు. చప్పట్లు ఆగిపోయాయి. ఈశ్వరమ్మ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"బిడ్డా, ముంగట చిన్న గిరకలు, ఎనక పెద్ద గిరకలు. గిది ట్రాక్టరే."

"మొక్కు కారుకు గదన్నా," అన్నాడు సదానందం, పాపం, మెల్లగానే.

బిక్షం నాలుగు సీట్ల వైపు వేలు చూపించాడు, ఎవరూ అటు చూడలేదు. ముప్పై ఏళ్ల మాట ఇవాళ ఇక్కడే పోయిందని ఆయన అనుకున్నాడు. అంతలో గుంపులో ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్న ఒకడు గట్టిగా అరిచాడు. "సూడున్రి! బలరామన్న కొత్త కారును ట్రాక్టర్ గుంజుకొచ్చింది!"

బలరాం సీట్లోంచి ఒక్క దూకు దూకాడు. మానుకోట బజారులో రేపు ఆ వీడియో ఎన్ని దుకాణాల్లో తిరుగుతుందో ఆయన కళ్ల ముందు కనపడింది.

"ఎవడన్నడురా ట్రాక్టరని? కారు! నాలుగు మెత్తటి సీట్లున్నయ్, నేనే కూసొని వచ్చిన. ట్రాక్టర్ల ఎవడన్న ఎనక సీట్ల కూసుంటడా? కారును కారు గుంజింది. దాంట్ల పరేషాన్ ఏముంది?"

"నిజంగ కారేనా?" అంది ఈశ్వరమ్మ అనుమానంగా.

"అవ్వా, కార్ల ముచ్చట నాకు ఎర్కనా, నీకా?"

నిజమే. కార్ల సంగతి తెలిసినవాడు బలరామేనని ఇదే గుడి ముందు అందరూ విన్నారు. ఆయనే కారన్నాక కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. పూజారి చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. శాంతంగా నెమరు వేస్తున్న ఎద్దు నుదుట వెంకటనర్సమ్మ బొట్టు పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నిమ్మకాయలు నలిగాయి, మొక్కు తీరింది, బిక్షం మాట నిలిచింది.

మర్నాడు తెల్లవారేసరికి ఆ కారు మాన్‌సింగ్ మడిలో మోకాలి లోతు బురదలో దమ్ము చేస్తోంది.