వేడి వృథా చేయని బాయిలర్

ఆక్లండ్ దగ్గరి హామిల్టన్‌లో తెలుగువాళ్లు ఆయన్ని చాటుగా కొటేషన్ల వీరభద్రం అంటారు. జుట్టు కత్తిరించుకోవాలన్నా ముగ్గురిని రేటడిగి, ముగ్గురినీ విసిగించి, చివరికి ఇంట్లోనే కత్తెర పట్టుకునే రకం. అలాంటి మనిషి ఇంట్లో జూన్ నెలలో, ఆ దేశంలో సరిగ్గా చలి ముదిరే వేళ, ఇల్లంతా వెచ్చబరిచే బాయిలర్ ప్రాణం వదిలింది. కొత్తది ఎంచే పని దొరికిందని ఆయన తెగ సంబరపడిపోయాడు.

రోటోటూనా పేటలో ఆ వీధి మొత్తానికి బాయిలర్ ఉన్న ఇల్లు వాళ్లదొక్కటే. ముందటి ఓనరు ఇంగ్లండు మనిషి. వేడినీళ్లతో గదిని వెచ్చబరిచే రేడియేటర్ గదిగదికీ పెట్టించుకుని, బాయిలర్‌ని నడవలోని హాట్ వాటర్ కబోర్డ్‌లో, అంటే గోడలోని అల్మరాలో, కూర్చోబెట్టాడు. ఆ కబోర్డ్ తలుపు వీరభద్రం ఏనాడూ తెరిచిన పాపాన పోలేదు. అది ఆయన భార్య ఆశాజ్యోతి రాజ్యం.

గ్యాస్ ఫిట్టర్ తరుణ్ వచ్చి చూశాడు. "దీని పని అయిపోయింది అంకుల్. ఇన్నాళ్లూ సగం వేడి కబోర్డ్‌లోనే పోయింది."

వీరభద్రం గుండె పట్టుకున్నాడు. "అంటే నేను కబోర్డ్‌కి హీటింగ్ పెట్టించానా?"

ఆ వారమంతా ఆయన రగ్గు కప్పుకుని బాయిలర్ల వీడియోలు చూశాడు. పొగగొట్టంలోంచి పోయే వేడిని కొత్తరకం బాయిలర్ వెనక్కి ఎలా లాక్కుంటుందో అర్థమైన రోజు అన్నం కూడా సరిగా తినలేదు. ఆశాజ్యోతి మాత్రం ఏ బాయిలర్ చూపించినా ఒకటే అడిగేది.

"ఇది కబోర్డ్‌ని వెచ్చగా ఉంచుతుందా?"

"ఉంచదు. అదే దీని గొప్ప."

"అయితే నాకొద్దు."

"బాయిలర్ మనకా, కబోర్డ్‌కా?"

"మీకు చెప్పినా ఎక్కదులెండి."

కబోర్డ్‌లో ఏముందబ్బా అని వీరభద్రానికి ఒకటే కుతూహలం. తువ్వాళ్లు ఆరేస్తుందేమో అనుకున్నాడు. అడిగితే ఓడిపోయినట్టవుతుందని అడగలేదు.

చివరికి రవ్వంత వేడి కూడా వృథా చేయని బాయిలర్ కొన్నాడు. అది ఫోన్‌తో నడుస్తుంది. పద్దెనిమిది డిగ్రీల దగ్గర లాక్ వేసి, పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆశాజ్యోతి దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఆ ఊపులో ఆయన స్నేహితులందరినీ ఆదివారం దోసెలకు పిలిచేశాడు. బాయిలర్ చూపించాలి కదా. సుశీలమ్మ ఆంటీ కూడా వస్తానంది. ఆవిడ దోసెకు వంక పెట్టిందంటే ఆ మాట ఆక్లండ్ దాకా పాకుతుంది.

శనివారం పొద్దున వంటింట్లోంచి పిలుపు. "ఏవండీ, ఒకసారి ఇలా రండి."

గిన్నెలో పిండి రాత్రి రుబ్బినది రుబ్బినట్టే ఉంది. పొంగూ లేదు, పులుపు వాసనా లేదు.

"ఇదేంటి ఇలా ఉంది?"

"ఇన్నాళ్లూ మనింట్లో పిండి ఎక్కడ పులుస్తోందనుకున్నారు?"

"గిన్నెలో."

ఆశాజ్యోతి ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కబోర్డ్ తలుపు తీసింది. బాయిలర్ పక్కన ఒక అర, దాని మీద గిన్నె అడుగు మరక గుండ్రంగా. వీరభద్రం లోపల చెయ్యి పెట్టి చూశాడు. ఫ్రిజ్ కన్నా కాస్త నయం.

"ముందే చెప్పొచ్చుగా," అన్నాడు నీరసంగా.

"చెబితే పిండి కోసం బాయిలర్ కొనమంటోందని మీరు ఊరంతా చెప్పుకుని నవ్వరూ?"

అదీ నిజమే. రేపు సుశీలమ్మ ముందు అట్ల బదులు అప్పడాలు వడ్డించాలేమోనని భయం మాత్రం పట్టుకుంది.

"తలుపేస్తే వెచ్చబడే చిన్న గది మీ ఆఫీసు గదొక్కటే," అంది ఆశాజ్యోతి. "ఫోనిలా ఇవ్వండి. లాక్ తీసి ఇవ్వండి."

ఆవిడ పిండి గిన్నెని ఆ గదిలో పెట్టి, బాయిలర్‌ని ఇరవై ఎనిమిదికి పెంచి, మిగతా గదుల రేడియేటర్లన్నీ కట్టేసింది.

ఆదివారం దోసెలు అదిరాయి. సుశీలమ్మ వేళ్లు నాక్కుంటూ, "ఈ చలిలో పిండి ఇంత బాగా ఎలా పులిసిందమ్మా?" అంది.

"అంతా మా వారి బాయిలర్ చలవ ఆంటీ."

వీరభద్రం ఛాతీ ఉబ్బింది. బాయిలర్ చూద్దురుగాని రమ్మన్నాడు. ఎవరూ రాలేదు. అందరూ పిండి పులిసిన ఆఫీసు గది చూడ్డానికి వెళ్లారు.

"ఇకనుంచి నా గిన్నె కూడా ఇక్కడే పెడతా," అని తేల్చేసింది సుశీలమ్మ. మిగతా ఆడవాళ్లూ తలూపారు.

సోమవారం వీరభద్రం కోటు, ఉన్ని టోపీ వేసుకుని హాల్లో మీటింగుకు కూర్చున్నాడు. ఆఫీసు గదిలో ఆయన కుర్చీలో సుశీలమ్మ గిన్నె కూర్చుంది. బల్ల మీద తక్కినవాళ్ల గిన్నెలు.

"ఏవండీ," ఆశాజ్యోతి ఆ గదిలోంచి పిలిచింది. "పిండికి చలేస్తున్నట్టుంది. ఇంకో రెండు డిగ్రీలు పెంచండి."

వీరభద్రం టోపీని చెవుల మీదికి లాక్కుని ఫోన్ అందుకున్నాడు.