వెయ్యికి వెయ్యి

ఇకమీదట పింఛను సాఫ్ట్‌వేర్‌ను మనిషన్నవాడు పరీక్షించడని మంత్రిగారు ప్రకటించారు. స్క్రిప్టనే చిన్న ప్రోగ్రామే మౌస్ కదుపుతుంది, స్క్రిప్టే బటన్లు నొక్కుతుంది, స్క్రిప్టే మార్కులు వేస్తుంది. పదహారేళ్లుగా కౌంటర్లో కూర్చుని బటన్లు నొక్కుతున్న నాకు ఒళ్లు పులకరించింది.

నా స్వార్థం కూడా ఉందనుకోండి. బాబాయి పోయి ఏడు నెలలైంది. పరీక్షలు పూర్తయితేగాని కొత్త దరఖాస్తులు తీసుకోరని, మా పిన్ని రోజూ వచ్చి నా ఎదుటి బెంచీ మీద కూర్చుంటోంది.

ప్రోగ్రామరమ్మాయి స్క్రిప్టు నడిపింది. తెర మీద బాణం గుర్తు దానంతటదే పరుగెత్తి 'సమర్పించు' బటన్ నొక్కింది. వెయ్యి పరీక్షల్లో ముప్ఫై తప్పులు దొరికాయి. మంత్రిగారు వాటివంక చూడనైనా లేదు. అంత పెద్దమనసు!

"ఇందులో నేనెక్కడమ్మా?" అన్నారు.

"సార్?"

"నా ఫొటో!"

"అది పెడితే బటన్ కిందికి జరుగుతుంది సార్. స్క్రిప్టు మాత్రం పాతచోటే నొక్కుతుంది."

"పాతచోట ఏముంటుంది?"

"మీరుంటారు సార్."

"మరింకేం!"

పెట్టారు. భుజాలు కూడా రావాలన్నారు, వచ్చాయి. బటన్ తెర దాటి కిందికెళ్లిపోయింది. స్క్రిప్టు వెయ్యిసార్లూ మంత్రిగారి చెంపే నొక్కింది. ఫొటో నొక్కితే ఏమీ జరగదు. ఏమీ జరగనప్పుడు తప్పెక్కణ్ణుంచి వస్తుంది? వెయ్యికి వెయ్యి పాస్.

గుమాస్తాలంతా స్క్రిప్టు నొక్కినచోటే నొక్కాలని, తెర కిందికి జరిపితే చర్య తప్పదని కమిషనర్‌గారు సర్క్యులర్ ఇచ్చారు.

"దరఖాస్తు లోపలికి పోదు సార్," అంది ప్రోగ్రామరమ్మాయి కమిషనర్‌గారితో.

"తప్పేమైనా చూపిస్తుందా?"

"చూపించదు."

"మరి నీ బాధేంటమ్మా?"

ప్రారంభోత్సవంనాడు మొదటి దరఖాస్తు పిన్నిదే. మంత్రిగారు నా వెనకే నిలబడ్డారు. వివరాలన్నీ నింపాను. బటన్ ఎక్కడుందో నాకు తెలుసు. సర్క్యులరూ తెలుసు. చెంప నొక్కాను.

"చూశారా, ఒక్క తప్పు లేదు!" అన్నారు మంత్రిగారు. హాలంతా చప్పట్లు.

"అయిపోయిందా నాన్నా?" అంది పిన్ని.

"అయిపోయింది పిన్నీ," అన్నాను. సిగ్గేసింది.

నెల తిరిగేసరికి పెండింగు దరఖాస్తులు సున్నా అని పేపర్లో పడింది. దేశంలో ఎక్కడా లేని రికార్డట. ఆ పేపరే పరుచుకుని పిన్ని మళ్లీ నా ఎదుటి బెంచీ మీద కూర్చుంది. కాసేపు నన్నూ, తెర మీది మంత్రిగారినీ మార్చి మార్చి చూసింది.

"ఒరేయ్ నాన్నా," అంది మెల్లగా, "ఈసారి కాస్త గట్టిగా నొక్కరా."